పని ఎంతసేపు, పదార్థం ఎన్నేళ్లు

పాలిమర్ల మీద తెలుగులో ఏటా రెండు రకాల రాతలు వస్తుంటాయి. ఒకటి పదో తరగతి, ఇంటర్ పాఠాల్లోది: నైలాన్, బేకలైట్, టెఫ్లాన్, వాటి మోనోమర్లు, ఉపయోగాలు, రెండు మార్కుల ప్రశ్న. రెండోది జూన్ 5న, పర్యావరణ దినాన, పత్రికల్లో కనబడేది: ప్లాస్టిక్ భూతం, సముద్రంలో తాబేలు, గుడ్డసంచి పట్టుకెళ్లండి. మొదటిదాంట్లో చెత్త ఊసు ఉండదు. రెండోదాంట్లో ఆస్పత్రి ఊసు ఉండదు. ఒకటి చదివి పొగడ్తే నిజమనుకుంటాం, మరొకటి చదివి తిట్టే నిజమనుకుంటాం. పొద్దున పళ్లు తోముకునే బ్రష్షు మొదలు రాత్రి వేసుకునే దోమతెర దాకా పాలిమర్లతోనే గడిపే మనకు ఈ రెండూ చాలవు.

ఈ సమీక్షకు నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఒక వస్తువు మన చేతిలో ఎంతసేపు పనిచేస్తుంది? ఆ పని అయిపోయాక దాని పదార్థం ఎన్నేళ్లు మిగిలి ఉంటుంది? ఈ రెండు కాలాల మధ్య దూరాన్ని బట్టి మంచిచెడ్డలు చూడాలి. అలా చూస్తే బోరుబావిలో దించిన కేసింగ్ పైపు, కర్రీ పాయింటులో సాంబారు కట్టిచ్చే కవరు ఒకే కులానివైనా ఒకే నేరం చేసినవి కావు.

ముందు రసాయనం నాలుగు మాటల్లో. చిన్న అణువులు వేలకొద్దీ వరసగా అతుక్కుని పొడవాటి గొలుసైతే అది పాలిమర్. ఎథిలీన్ ఒక వాయువు. దాని అణువులు అలా కలిస్తే పాలిథీన్. కొవ్వొత్తి మైనంలో ఉన్నవీ, పాలిథీన్‌లో ఉన్నవీ అవే కార్బన్, హైడ్రోజన్. మైనపు గొలుసులో కార్బన్లు ఇరవయ్యో ముప్ఫయ్యో ఉంటే, పాలిథీన్ గొలుసులో వేలల్లో ఉంటాయి. అంత పొడవైన గొలుసులు ఉడికిన సేమ్యాలా ఒకదానిలో ఒకటి చిక్కుపడతాయి. అందుకే కొవ్వొత్తి పుటుక్కున విరుగుతుంది, కవరు సాగుతుంది. ఈ సంగతి ఒప్పించడానికి జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ చాలా మాటలు పడ్డాడు. రబ్బరు, పిండి, సెల్యులోజ్ అన్నీ నిజంగానే పొడవాటి అణువులని 1920లో ఆయన రాస్తే, చిన్న అణువులే గుంపుగా చేరి అలా కనబడుతున్నాయని పెద్దలు కొట్టిపారేశారు. ఆయనకు నోబెల్ బహుమతి 1953లో, 72 ఏళ్ల వయసులో వచ్చింది. అప్పటికి నైలాన్ మేజోళ్లు అమెరికా దుకాణాల్లోకి వచ్చి పదమూడేళ్లు.

శాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గొలుసులతో మనవాళ్లు ఎప్పటినుంచో పనిచేయించుకుంటున్నారు. పత్తి దాదాపు అంతా సెల్యులోజే. పట్టు, ఉన్ని, తోలు ప్రొటీన్ గొలుసులు. అన్నం వార్చిన గంజిలో నూలు చీర ముంచి ఆరేస్తే, నీరు ఆవిరై పిండిపదార్థపు గొలుసులు పోగుల చుట్టూ పలుచటి పొరగా బిగుసుకుంటాయి. ఇస్త్రీ వేడికి ఆ పొర నున్నబడుతుంది, ఉతికితే పోతుంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగి, కాగితంకన్నా సన్నటి రేకు తీస్తారు. ఫ్యాక్టరీలో సెల్లోఫేన్ తీసేవాడు ఆ పూతరేకును చూస్తే తన వృత్తివాళ్లేనని గుర్తుపడతాడు.

లక్క సంగతి ఇంకా ఆసక్తికరం. లక్కపురుగు చెట్టుకొమ్మల మీద విడిచే ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇంజనీర్లు థర్మోప్లాస్టిక్ అనే గుణం సరిగ్గా ఇదే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కబిళ్ల ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి బొమ్మ ఒంటికి పట్టేస్తుంది. పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజుల పనివాళ్లు అదే లక్కను కాచి, గాజుగా చుట్టి, మెత్తగా ఉండగానే రాళ్లు పొదుగుతారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. విశాఖ మన్యంలో గిరిజన సహకార సంస్థ కొనే తపసి జిగురు కూడా సహజ పాలిమర్ల కోవలోదే. మందుల పరిశ్రమకు అది పనికొస్తుంది.

కృత్రిమ పాలిమర్ల చరిత్రను శాస్త్రవేత్తల తెలివితేటల కథగా చెప్పడం అలవాటైంది. నా మటుకు నాకు అది ముందు కరవు కథ. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం దొరకక బహుమతి ప్రకటిస్తే, అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1869 ప్రాంతంలో సెల్యులాయిడ్ తయారుచేశాడు. పత్తి సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో మార్చి కర్పూరం కలిపితే వచ్చింది అది. 1950ల తొలినాళ్ల దాకా సినిమా రీళ్లకు ఆ జాతి పదార్థమే ఆధారం. నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి ప్రొజెక్టర్ గదులకు అన్ని జాగ్రత్తలు. ఆ తర్వాత కరెంటు వచ్చింది, తీగలకూ స్విచ్చులకూ కరెంటు పారని పూత కావలసివచ్చింది. దానికి ఎక్కువగా వాడేది భారతదేశం నుంచి వెళ్లే లక్క. పురుగు తన తీరికను బట్టి పెడుతుంది, పరిశ్రమ ఆగదు. దానికి బదులు వెతుకుతూ లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో బేకలైట్ చేశాడు. ప్రకృతిసిద్ధమైన పదార్థమేదీ లేని తొలి ప్లాస్టిక్ అది. గొలుసుల మధ్య అడ్డబంధాలు పడిపోవడం వల్ల ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. కుక్కరు పిడి పొయ్యి సెగకు కారిపోకుండా నిలబడటానికి కారణం అదే. విరిగిన కుక్కరు పిడిని పాత సామాన్లవాడు తీసుకోకపోవడానికీ అదే కారణం.

1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో ఎథిలీన్‌ను విపరీతమైన ఒత్తిడిలో పెట్టి ఇంకేదో చేయబోతే పాత్రలో మైనం లాంటి తెల్లటి ముద్ద మిగిలింది. ఆ పాలిథీన్ మొదటి పెద్ద ఉద్యోగం రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ తీగలకు తొడుగు. 1953లో కార్ల్ జీగ్లర్, ఆ మరుసటి ఏడు జూలియో నాట్టా కొత్త ఉత్ప్రేరకాలతో తక్కువ ఒత్తిడిలోనే గట్టి పాలిథీన్, పాలిప్రొపిలీన్ తీయడం నేర్పారు. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. మన బిందెలు, బకెట్లు, కుర్చీలు, ఎరువు బస్తాలు ఆ ఇద్దరి పుణ్యమే.

బిందె దగ్గర కాస్త ఆగాలి. ఇత్తడి బిందె బరువు, ఖరీదు, తోమే చాకిరీ తెలిసిన ఇళ్లలో ప్లాస్టిక్ బిందె రావడాన్ని ఎవరూ కాలుష్యమనలేదు. కిలోమీటరు దూరం నుంచి నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్ల నెత్తిన ఖాళీ బిందె బరువే తగ్గిపోయింది. వీధి కుళాయి దగ్గర రంగురంగుల బిందెల వరసను పేదరికానికి గుర్తుగా ఫొటోలు తీసేవాళ్లు ఈ సంగతి గమనించరు. పైగా ఆ బిందె ఏళ్ల తరబడి పనిచేస్తుంది. చిల్లిపడితే మట్టి నింపి తులసి మొక్క పెడతారు. ఆ తర్వాత తూకానికి అమ్మితే డబ్బులొస్తాయి.

పొలంలో లెక్క ఇంకా స్పష్టం. పీవీసీ పైపు భూమిలో పాతితే యాభై ఏళ్లు నిలుస్తుంది. తుప్పు పట్టదు, లోపల నున్నగా ఉండటం వల్ల నీటికి రాపిడి తక్కువ, మోటారు మీద భారం తక్కువ. మన దేశంలో వాడే పీవీసీలో ఎక్కువ భాగం పైపులకే పోతుంది, సగానికి పైగా ముడిసరుకు దిగుమతి చేసుకుంటున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు మొదలయ్యాక అనంతపురం వంటి మెట్ట జిల్లాల్లో డ్రిప్పు పైపు పొలం రూపమే మార్చేసింది. పాలిథీన్‌లో కొద్దిగా మసి కలపడం వల్లే ఆ పైపులు నల్లగా ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆ మసి మింగేసి గొలుసులు తెగకుండా కాపాడుతుంది. మసి లేని తెల్ల పాలిథీన్‌ను రాయలసీమ ఎండలో పరిస్తే ఎంతోకాలం ఆగదు. చేతితో నలిపితే పొడవుతుంది.

అదే పొలంలో మల్చింగ్ షీట్ కథ వేరు. మిర్చికి, పుచ్చకు, టమాటాకు కలుపు రాకుండా, తేమ పోకుండా 25, 30 మైక్రాన్ల పొర పరుస్తారు. పంటకు మేలే. పంట అయ్యాక తీయబోతే చిరుగుతుంది, సగం మట్టిలోనే ఉండిపోతుంది. మడిలో కలిసిన ముక్కలను ఏ పురుగూ తినదు. ఒక పంటకాలం పనికి తరాలు నిలిచే పదార్థం వాడుతున్నాం. పత్తి చేలలో ఇంకో చిక్కు. ఏరిన పత్తిని యూరియా బస్తాల్లో కుక్కితే బస్తా పోగులు పత్తిలో కలుస్తాయి. ఆ పాలిప్రొపిలీన్ పోగుకు నూలు రంగు పట్టదు. నేసిన గుడ్డలో అది తెల్లటి గీతగా బయటపడుతుంది. మన పత్తికి బయట దేశాల్లో ధర కోసే కారణాల్లో ఇదొకటని మిల్లులవాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. గోనెసంచి వాడండంటే గోగునార సాగే తగ్గిపోయింది. ఆహారధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలనే 1987 నాటి చట్టం లేకపోతే ఉత్తరాంధ్ర జూట్ మిల్లులు ఈపాటికి ఇంకెంత తగ్గేవో.

బట్టలకు వస్తే ప్రపంచంలో తయారయ్యే నారల్లో ఇప్పుడు సగానికి పైగా పాలిస్టరే. 2023 లెక్కల్లో దాని వాటా 57 శాతం, పత్తి వాటా 20 శాతం. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు చేసిన ఈ పాలిమర్ పేరు పెట్. నీళ్ల సీసా అదే, చీర కూడా అదే. సీసాను కరిగించి తీసిన దూదిని దిండుల్లో కూరుతున్నారు. సిరిసిల్ల మరమగ్గాలు ఎక్కువగా ఆడేది పాలిస్టర్ నూలు మీదే. చవక జరీ కూడా లోహపు పూత పూసిన పాలిస్టర్ పొరను సన్నటి తీగలుగా కోసినదే. పెళ్లిచీరను పాతికేళ్ల తర్వాత కరిగించి వెండి తీసుకునే రోజులు ఆ జరీతో పోయాయి. దీన్ని పతనంగా ఏకరువు పెట్టడం నాకిష్టం లేదు. కూలికి పోయే మనిషికి తడిసినా గంటలో ఆరే, ఇస్త్రీ అడగని, ఏళ్లు చిరగని చీర చవకగా దొరకడం చిన్న సంగతి కాదు. అయితే ఆ బట్ట చెమట పీల్చదు, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంటింట్లో ఆ చీర వద్దని పెద్దవాళ్లు చెప్పేది రసాయనపరంగా నూటికి నూరుపాళ్లు నిజం.

ఆస్పత్రి లేని పాలిమర్ చరిత్ర సగం చరిత్రే. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్లలోకి పెర్‌స్పెక్స్ అనే గాజులాంటి ప్లాస్టిక్ ముక్కలు దూసుకుపోయేవి. గాజుముక్క పడితే కన్ను వాచి పోయేది, ఈ ముక్కలు మాత్రం ఏ గొడవా లేకుండా కంట్లోనే ఉండిపోవడం లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ చూశాడు. 1949 నవంబరులో అదే పాలిమర్‌తో చేసిన కటకాన్ని శుక్లం తీసిన కంట్లో అమర్చాడు. తోటి వైద్యులు ఏళ్ల తరబడి ఆయన్ను వెక్కిరించారు. మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రి వాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఆ లెన్సును చవకగా చేయడం మొదలుపెట్టాక ఊరూరా ఉచిత కంటి శిబిరాల్లో లెన్సు వేసే ఆపరేషన్లకు దారి పడింది. అంతకుముందు శుక్లాల ఆపరేషనంటే జీవితాంతం సోడాబుడ్డి అద్దాలే. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1990లో అమర్చిన దేశీయ గుండె కవాటంలో తెరుచుకుని మూసుకునే బిళ్ల కూడా పాలిథీనే. గొలుసు మరీ పొడవైన రకం. మనం కూరగాయలు మోసే కవరుకు దగ్గరి చుట్టం గుండెలో కొట్టుకుంటూ ఉంటుంది.

హైదరాబాద్ వాటా ఒకటుంది. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడుస్తూ నడవడం అబ్దుల్ కలాంకు నిమ్స్ ఆస్పత్రి వైద్యుడొకరు చూపించారు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి మిశ్రమ పదార్థాల పనితనంతో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు వాటిని 300 గ్రాములకు దించారు. తన ఉద్యోగంలో పొందిన పెద్ద ఆనందాల్లో ఇదొకటని కలాం చాలా సభల్లో చెప్పుకున్నారు.

రక్తం సంచి ఇంత సూటి కథ కాదు. 1950 దాకా రక్తాన్ని గాజు సీసాల్లో దాచేవారు. పగిలేవి, గాలిబుడగల భయం ఉండేది. పీవీసీ సంచి వచ్చాక ఆ బాధ తీరింది. గట్టి పీవీసీ మెత్తగా వంగాలంటే థాలేట్ అనే నూనెలాంటి రసాయనం కలపాలి. అది కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. హార్మోన్ల పనిని చెడగొడుతుందని దానిమీద ఆరోపణ. కానీ అదే రసాయనం ఎర్రరక్తకణాల పొరలో చేరి వాటిని ఎక్కువ రోజులు చెడకుండా ఉంచుతుంది. పిల్లల బొమ్మల్లో నిషేధించిన దాన్నే రక్తనిధిలో మానలేకపోతున్నాం. 'ప్లాస్టిక్ విషమా కాదా' అని ఒక్క ముక్కలో జవాబడిగేవాళ్లకు నేను ఈ సంచినే చూపిస్తాను.

వాడకం గురించి, చెత్త గురించి మాట్లాడుతూ పాలిమర్ పుట్టే చోటును మరచిపోతాం. విశాఖపట్నం మరచిపోనివ్వదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. థర్మోకోల్‌కు, పాలిస్టైరీన్‌కు మూలం ఈ స్టైరీన్. అది ఊరికే నిలవ ఉంటే తనంతట తానే గొలుసులు కట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, వేడికి చర్య ఇంకా వేగం అందుకుంటుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచుతారు, గొలుసు కట్టకుండా నిరోధకం కలుపుతారు. లాక్‌డౌన్‌లో కర్మాగారం ఆగి ఉంది. చల్లబరిచే ఏర్పాటు చాలలేదని, నిరోధకం కలపలేదని, ట్యాంకు పైభాగంలో వేడిని కొలిచే సాధనమే లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైనప్పుడు అది ఊరికి దూరం. తర్వాత ఊరే దాని గోడ దాకా వచ్చింది. పాలిస్టైరీన్ ప్లేటు చేతికొచ్చేసరికి ఎవరినీ చంపదు. గొలుసు కట్టకముందున్న అణువు ప్రమాదకరం. పాలిమర్ మంచిచెడ్డలు తూచేటప్పుడు ఈ పద్దు కూడా రాయాలి.

ఇక మన పేచీ అసలు దేనితోనో దానికి వద్దాం. 1960ల్లో స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ చేతిపట్టీలున్న పాలిథీన్ సంచిని తయారుచేసినప్పుడు, కాగితం సంచుల కోసం చెట్లు కొట్టే పని తప్పుతుందనే ఉద్దేశం ఉండేదని, తాను మాత్రం ఒకటి మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవాడని ఆయన కొడుకు చెప్పాడు. సంచి ఒకటే మన దాకా వచ్చింది, జేబులో మడిచి పెట్టుకునే అలవాటు రాలేదు. మన ప్రభుత్వాలు దీన్ని మందంతో కట్టడి చేయబోయాయి. 1999లో కనీసం 20 మైక్రాన్లన్నారు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం పెరిగితే ఖరీదు పెరిగి దుకాణదారు ఊరికే ఇవ్వడని, ఏరుకునేవాళ్లకు తూకం గిట్టుబాటవుతుందని దీని వెనుక ఆలోచన. ఆలోచన తప్పు కాదు. అమలు సగమే ఉన్నచోట మాత్రం ఒక్కో సంచిలో ప్లాస్టిక్ ఆరింతలు పెరగడమే మిగిలింది. కూరల బండి మీద పలుచటి కవరు ఇప్పటికీ గాలికి ఊగుతూనే ఉంది.

2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, థర్మోకోల్ అలంకరణలు, చెవిలో తిప్పే పుల్లలు నిషేధం. జాబితాలో ఏముందో కన్నా ఏం లేదో చూడండి. చిప్స్ ప్యాకెట్ లేదు, రూపాయి షాంపూ పొట్లం లేదు. పాలిస్టర్, అల్యూమినియం, పాలిథీన్ పొరలు అతికించిన ఆ పొట్లం రోడ్డు మీద అన్నిటికన్నా ఎక్కువ కనబడుతుంది. విడదీయడం కష్టం గనుక ఎవరూ కొనరు. ఎవరూ కొనరు గనుక ఎవరూ ఏరరు. చివరికి కొంత సిమెంటు బట్టీలకు పోతుంది, ఎక్కువ భాగం కాలవల్లోకి పోతుంది. చిన్న పుల్లలను పట్టుకుని పెద్ద కంపెనీల పొట్లాన్ని వదిలేసిన జాబితా ఇది అంటే అతిశయోక్తి కాదు.

ఫ్లెక్సీలదీ ఇదే వరస. పాలిస్టర్ వల మీద పీవీసీ పూత పూసిన ఆ గుడ్డ పుట్టినరోజు శుభాకాంక్షలతో ఒక వారం నిలబడుతుంది. ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి 2022 ఆగస్టులో విశాఖలో వీటి నిషేధం ప్రకటిస్తే గడువు వాయిదా పడింది. రాజకీయ పార్టీలే పెద్ద ఖాతాదారులైన వస్తువును నిషేధించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. వారం తర్వాత ఆ నాయకుడి మొహం గడ్డివాము మీదనో, గుడిసె కప్పు మీదనో వాన ఆపుతూ కనిపిస్తే, అక్కడ మాత్రం ఆ పదార్థం తన మన్నికకు తగ్గ పనిలో ఉన్నట్టు.

కాగితం కప్పు మీద మనకున్న నమ్మకం ఇంకో తమాషా. టీ కారిపోకుండా దాని లోపలి గోడకు పలుచటి పాలిథీన్ పూత ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో అటువంటి కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి పదిహేను నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగాయి. పావుగంట సేపు ఒక్క టీ తాగేవాళ్లు తక్కువే అనుకోండి. అయినా గాజు గ్లాసు కడగడానికి బద్ధకించి కాగితం పేరుతో ప్లాస్టిక్‌నే తెచ్చుకున్నాం.

ఎంత తయారవుతోంది, ఎటు పోతోంది? 1950లో ప్రపంచమంతా కలిపి ఏడాదికి 20 లక్షల టన్నులు. 2019 నాటికి 46 కోట్ల టన్నులు. 1950 నుంచి 2015 దాకా తయారైన మొత్తం 830 కోట్ల టన్నులని, చెత్తగా మారినదాంట్లో తిరిగి వాడుకలోకి వచ్చింది 9 శాతమేనని 2017లో అమెరికా పరిశోధకులు లెక్కకట్టారు. మన దేశం సంగతిలో లెక్కలే పోట్లాడుకుంటాయి. 2020-21లో 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ చెత్త వచ్చిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో 'నేచర్' పత్రికలో రాసిన దాని ప్రకారం ఎవరి చేతికీ చిక్కకుండా నేల మీదకూ నీళ్లలోకీ మంటల్లోకీ పోతున్నదే ఏడాదికి 93 లక్షల టన్నులు, ప్రపంచంలో మనదే మొదటి స్థానం. మొత్తం చెత్తకన్నా తప్పించుకున్న చెత్త రెండింతలు ఎలా అవుతుంది? పల్లెల్లో పోగవని చెత్త, వీధి చివర తగలబెట్టే చెత్త ప్రభుత్వ లెక్కలోకి రావని పరిశోధకుల వాదన. లీడ్స్ అంకె నమూనాల మీద ఆధారపడిన అంచనా కాబట్టి అటూఇటూ కావచ్చు. కానీ పొద్దున్నే ఊడ్చిన కుప్పకు అగ్గిపుల్ల గీసే దృశ్యం చూడని తెలుగువాళ్లు లేరు. అందులో పీవీసీ ముక్క ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు పుడతాయి.

తిరిగి వాడుకలోకి తెచ్చే పని మన దగ్గర జరుగుతున్నదంటే అది చాలావరకు పాత సామాన్లు కొనేవాళ్ల వల్ల, చెత్త ఏరుకునేవాళ్ల వల్ల. నీళ్ల సీసా, విరిగిన బకెట్, పాల కవరు వాళ్ల తూకానికి ఎక్కుతాయి. అక్కడ కూడా గొలుసు కరిగించిన ప్రతిసారీ కొంత తెగుతుంది, నాణ్యత దిగుతుంది. సీసా మళ్లీ సీసా అవడం తక్కువ, దిండు దూదవడం ఎక్కువ. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ కవర్ల తురుమును వేడి కంకరకు పట్టించి తారు రోడ్లు వేయించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏ కవరైనా పనికొస్తుంది కాబట్టి మంచి ఉపాయమే, కానీ రోజూ పుట్టే కవర్లన్నిటికీ సరిపడా రోడ్లు వేయలేం.

ఒంట్లోకి చేరుతున్న రేణువుల సంగతి ఇప్పుడు అందరి నోటా ఉంది. 2004లో రిచర్డ్ థాంప్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సముద్రంలోని ఈ రేణువుల మీద రాసిన వ్యాసంతో మైక్రోప్లాస్టిక్స్ చర్చ ఊపందుకుంది. టైర్ల అరుగుదల, పాలిస్టర్ బట్టల ఉతుకు వీటికి పెద్ద ఊటలు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో కనబడ్డాయి. 2024లో ఇటలీ వైద్యులు మెడ ధమనుల్లో పేరుకున్న కొవ్వు తీసి చూస్తే, అందులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకు తర్వాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ప్లాస్టిక్ వల్లే ముప్పు అని దీనితో రుజువు కాలేదు, రెండూ ఒకచోట కనిపించాయంతే. మెదడులో గ్రాములకొద్దీ ఉందన్న వార్తల మీద ఇంకా పెద్ద అనుమానం ఉంది. శాంపిల్‌ను కాల్చి కొలిచే పద్ధతిలో కొవ్వు కూడా పాలిథీన్‌లా కనబడే అవకాశం ఉందని ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. భయపడాల్సిన పనే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. వారానికి ఇన్ని గ్రాములు తింటున్నామని వాట్సాప్‌లో వచ్చే లెక్కనూ నమ్మకండి.

ప్రత్యామ్నాయాల్లో మాటల గారడీ ఎక్కువ. మొక్కజొన్న నుంచి తీసే పీఎల్ఏ మట్టిలో కలిసిపోతుందంటారు. అరవై డిగ్రీల దగ్గర నడిచే పెద్ద కంపోస్టు కేంద్రంలో నెలల్లో పోతుంది, పెరటి గుంటలో ఏళ్లకేళ్లు అలాగే ఉంటుంది. కొన్ని లోహ లవణాలు కలిపి త్వరగా పొడి అయ్యేలా చేసిన 'ఆక్సో' కవర్లు నిజానికి మైక్రోప్లాస్టిక్‌ను తొందరగా తయారుచేసే యంత్రాలు. ఐరోపా వాటిని 2021లో నిషేధించింది. తిరుమలలో లడ్డూల కోసం డీఆర్‌డీవో హైదరాబాద్ ప్రయోగశాల తయారుచేయించిన మొక్కజొన్న పిండి ఆధారిత సంచులను 2021 ఆగస్టులో ప్రవేశపెట్టారు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా ఆపేశారు. దారిలో తనిఖీ, ఒకే యజమాని ఉన్న చోట ఇది నడుస్తుంది. కోఠిలో, గుంటూరు మిర్చి యార్డు బయట నడవదు. మన అడ్డాకు విస్తరి ఇంతకన్నా నికార్సైన జవాబు. సెల్యులోజ్, లిగ్నిన్ అనే రెండు పాలిమర్లతో చెట్టు చేసిన ప్లేటు, గంట పనిచేసి నెలల్లో మట్టవుతుంది. మన్యంలో కుట్టేవాళ్లకు రోజు కూలి గిట్టుబాటు చేయకుండా పెళ్లిభోజనాల్లో విస్తరి మళ్లీ రావాలనడం మాత్రం ఉత్త ముచ్చట.

2022 మార్చిలో నైరోబీలో ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం చేసుకోవాలని దేశాలన్నీ తీర్మానించాయి. 2024 డిసెంబరులో బుసాన్‌లో తేలలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలలేదు. మొత్తం ఉత్పత్తికే పరిమితి పెట్టాలని ఒక వర్గం, చెత్త నిర్వహణ చాలని చమురు దేశాల వర్గం. ఉత్పత్తి మీద కోత వద్దన్నది భారతదేశం మాట కూడా. పైపులు, సెలైన్ సీసాలు, కంటి లెన్సులు ఇంకా చాలినన్ని లేని దేశం ఆ మాట అనడంలో న్యాయం ఉంది. ఆ న్యాయం చాటున రూపాయి పొట్లం కూడా దాక్కుంటోంది. టన్నుల మీద ఒకే గీత గీసే బదులు పనిని బట్టి వేరువేరు గీతలు గీయమని మన ప్రతినిధులు అడిగితే బాగుండేది. ఎక్కువకాలం పనిచేసే వాటికి స్వేచ్ఛ, నిమిషాల పనివాటికి కోత.

దేశం లోపల మనకున్న ఆయుధం ఉత్పత్తిదారు బాధ్యత నిబంధన. తాను అమ్మిన ప్యాకింగుకు సరిపడా చెత్తను వెనక్కి తెచ్చానని కంపెనీ ధ్రువపత్రం చూపాలి. ఆ పత్రాలు రీసైక్లర్ల దగ్గర కొనుక్కోవచ్చు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే సుమారు 6 లక్షల నకిలీ పత్రాలు బయటపడ్డాయి. 2025 జులై 1 నుంచి ప్యాకింగు వివరాలు బార్‌కోడ్‌లోనో క్యూఆర్ కోడ్‌లోనో పెట్టుకోవచ్చన్నారు. పంచాయతీ చెత్త షెడ్డులో వేరుచేసే మనిషికి ఆ కోడ్‌తో పని లేదు. మూడు పొరల పొట్లం ఒకే పాలిథీన్ పొరకు మారితే అతనికి తూకానికి అమ్ముకునే సరుకవుతుంది. అలా మార్చగల సాంకేతికత ప్యాకింగ్ పరిశ్రమ దగ్గర ఉంది. ఖర్చు మీద పడుతుందని ఆగారు. గడువు పెట్టి మార్చమనే ఉత్తర్వు ఇంకా రాలేదు.